ఒక్క అంగుళం

ఆ వాకిలి పెట్టింది నేనే.
ఇరవై రెండేళ్ళ కిందట, బరంపురంలో
ఈత క్లబ్బు కొత్తగా లేస్తున్నప్పుడు
బట్టలు మార్చుకునే గదికి రెండడుగుల వాకిలి.
కాయితమ్మీద రెండున్నర ఉంది.
టేకు కొంచెం మిగల్చమన్నారు, సరే బాబూ అన్నాను.
నా భుజాలు పట్టాయి కదా అనుకున్నాను,
లోకంలో భుజాలన్నీ నావే అయినట్టు.

బృందావతి కుర్చీ రెండడుగుల అంగుళం.
జాకెట్లు కుడుతుంది. కాళ్ళని చిన్ననాటి జ్వరం తినేసింది,
చేతిమిషను తిప్పి తిప్పి చేతులు మాత్రం తెడ్లయ్యాయి.
మొదటిరోజు చక్రం ఇరుక్కుని
ముందుకీ పోక వెనక్కీ రాక
ద్వారబంధానికి అరచెయ్యి ఆనించి అడిగింది:
"దీన్ని కట్టిన మారాజెవరో?"
నేనక్కడే టైల్సు అతికిస్తున్నాను.
తలెత్తలేదు.

కమిటీ కూర్చుంది. టీ తాగింది. మళ్ళీ కూర్చుంది.
నీళ్ళు మురికైపోతాయన్నాడొకాయన,
ఏ మురికో చెప్పలేదు.
ఏమన్నా అయితే ఎవరిది పూచీ అన్నాడింకొకాయన,
పాపం మంచివాడే.
వాలు కడితే స్కూటర్లెక్కడ పెట్టాలి?
సెక్రటరీ సుబుద్ధి గారు "హేబ, హేబ" అన్నారు.
అవుతుంది, అవుతుంది.
మా ఊళ్ళో ఆ మాటకి గడువు తేదీ ఉండదు.
తుఫానుకి ప్రహరీ కూలితే
తొమ్మిది రోజుల్లో నిలబెట్టించారు నాచేత.
ఒక్క అంగుళానికి మూడేళ్ళు.

ఈలోగా దండాసి చేరాడు,
నూనె మిల్లు గుమస్తా కొడుకు, పదమూడేళ్ళవాడు, చూపు లేదు.
గోడ ఎప్పుడొస్తుందో తెలీక రెండుసార్లు నుదురు చిట్లింది.
కోచమ్మ వెదురు కర్ర చివర పాత టెన్నిస్ బంతి గుచ్చి
గోడ దగ్గర పడగానే నెత్తిన తడుతుంది.
టప్. తిరుగుతాడు.
టప్. తిరుగుతాడు.
ఆ వెదురు నా పరంజాలోదే. ఇప్పటికీ తిరిగివ్వలేదు.

వాడే అన్నాడొకరోజు, తల తుడుచుకుంటూ:
"అక్క కుర్చీ రోజూ అక్కడిదాకా వచ్చి ఆగిపోతంది.
మీకెవరికీ ఇనబడదా?"

ఆ ఆదివారం ఎవర్నీ అడక్కుండా
సుత్తీ ఉలీ పట్టుకెళ్ళాను.
నా పని ఇంత గట్టిదని అప్పుడే తెలిసింది.
దెబ్బకో పెచ్చు, నా పాత సిమెంటు
నా మొహాన్నే కొట్టింది.
మూడడుగులు తీశాను. ఇంకో నాలుగు వేళ్ళు కూడా,
రేపొచ్చే కుర్చీ ఎంతో నాకేం తెలుసు.
మెట్ల పక్కన వాలు, అడుగు ఎత్తుకి పన్నెండడుగుల నిడివి.
మట్టం చూడ్డానికి గొట్టంలో నీళ్ళు పోశాను.
మా పనిలో ఆఖరి మాట నీళ్ళదే.
ఈ కొసా ఆ కొసా ఒక్క ఎత్తుకొచ్చేదాకా
అవి ఊరుకోవు.

సోమవారం సుబుద్ధి గారు చూసి
చాలాసేపు చేతిగుడ్డ మడిచారు, విప్పారు.
"బిల్లు ఏ ఖాతాలో రాయను?"
"అప్పట్లో మిగిలిన టేకు ఖాతాలో" అన్నాను.
రాసుకున్నారు.

బృందావతి గట్టుకి జారి, ఊపిరి పట్టి, దిగింది.
ఎవరూ ఎత్తలేదు. ఎత్తొద్దని ముందే చెప్పింది.
నీళ్ళల్లో కాళ్ళొచ్చేశాయని కథలు చెప్పను.
కాళ్ళు వెనకాల తేలుతూ వచ్చాయి, తడిసిన కొంగులా.
చేతులే లాగాయి.
సగంలో నీళ్ళు మింగింది, తిట్టుకుంది, మళ్ళీ లాగింది.
పక్క వరసలో కర్ర టప్ మంది.

గోడ పట్టుకుని రొప్పుతూ నన్ను చూసింది.
"ఏటి మేస్త్రీ, నీకు ఈతొచ్చా?"
రాదన్నాను.
"మరిన్నేళ్ళూ గట్టుమీదేటి సేసినావు?"
వాకిళ్ళు పెట్టానని
చెప్పబోయి మింగేశాను.
ఆమెకి ఎప్పుడో తెలుసనుకుంటా.
నవ్వి, నీళ్ళు కొట్టింది నా మీద.

అందరూ వెళ్ళాక ఆ గదిలో
ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చున్నాను.
తలుపేసి చెయ్యి చాపితే
గొళ్ళెం అందలేదు.
అదీ నేను బిగించిందే,
నిలబడి.
రేపు కిందికి దించాలి.