నడిమి వేలికి సిరా

జియాగూడ మున్సిపల్ బడి, రెండో తరగతి గది.
నల్లబల్ల మీద ఎవరూ తుడవని మూడో ఎక్కం.
నా పని ఒక్కటే,
ఎడమ చెయ్యి పట్టుకోవడం, చూపుడువేలికి గీత గీయడం.
పొద్దున్నుంచి ఎన్ని చేతులో:
బీడీ పొగాకు వాసన వేసేవి,
కబేళా కత్తి కాయలు కాసినవి,
గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉన్న ఒక కొత్త కోడలిది.

పదకొండింటికి అండాలు వచ్చింది.
వరుస జరిగి దారిచ్చింది. ఆమె రాలేదు.
"నా నంబరొచ్చినప్పుడే వస్త" అని
జుబేదా వెనకే నిలబడింది.

చెయ్యి చాపింది.
చూపుడువేలు లేదు.

ఏజెంటు లేచాడు, "అబ్జెక్షన్ సార్!"
ప్రిసైడింగ్ ఆఫీసరు పుస్తకం తిరగేస్తుంటే
ఆమె నాతో చెప్పింది, కూర ధర చెప్పినట్టు:
"సారా దుకాణం షట్టర్ల పడ్డదమ్మా.
మేం కిందికి గుంజుతున్నం,
వాండ్లు లోపల్నుంచి మీదికి లేపుతున్నరు.
నడుమ నా వేలున్నది.
షట్టరైతే పడ్డది."

అప్పుడు గుర్తొచ్చింది. కిందటేడు పేపర్లో, లోపలి పేజీ మూలన,
ఖాళీ పాకెట్లు పదకొండొందలు కలిపి దుప్పటి కుట్టి
ఆబ్కారీ ఆఫీసు మెట్ల మీద పరిచిన ఆడవాళ్ళు.
"పండుకోండ్రి సారూ,
మేం రోజూ దీనిమీదనే పంటున్నం" అన్నదట ఒకామె.
పేరు తప్పు వేశారు. ఫోటోలో తల సగమే పడింది.

నిన్న రాత్రి కూడా బస్తీకి పాకెట్లొచ్చాయట,
ఓటు చీటీతో కలిపి రబ్బరు బ్యాండు చుట్టి.
"చీటీ ఉంచుకున్నం. పాకెట్టు మూసీల పోసినం.
మూసీ ఎవరికేస్తదో ఇగ దాన్నే అడుగుండ్రి."
వరుసంతా నవ్వింది. పోలీసాయన కూడా, మీసం చాటున.
తలుపు దగ్గర బక్కపలచటి మనిషి, మొగుడు కాబోలు,
"గుర్తు యాదికున్నదా?" అని కేకేశాడు.
"నీకు ఇంటితోవ యాదికుంటె చాలు."

చూపుడువేలు లేకుంటే పక్కవేలు, అని పుస్తకంలో ఉంది.
ఆ వాక్యం రాసిన గుమాస్తా ఎవరో,
ఇట్లాంటి చెయ్యి ఒకటి వస్తుందని ఎట్లా అనుకున్నాడో.

నడిమి వేలు పట్టుకున్నాను.
నా చెయ్యే వణికింది, గీత వంకరపోయింది.
"గట్టిగ పెట్టమ్మా. జల్ది పోవద్దు."

అట్ట చాటుకు వెళ్ళింది.
బయట ఎవరో దగ్గారు. ఫ్యాను ఆగి, మళ్ళీ తిరిగింది.
ముద్ర చప్పుడు, పుట్నం కొరికినంత.

నా ఓటు పోయిన వారమే పోస్టులో వెళ్ళిపోయింది.
గుర్తు మా ఆయన పెట్టారు.
కాగితం మీద సంతకం నేను చేశాను,
కుక్కరు విజిళ్ళు లెక్కపెడుతూ.
అప్పుడు అందులో తప్పేమీ కనబడలేదు.

సాయంత్రం పెట్టెకు లక్క వేసేసరికి
సీసా కారి నా వేళ్ళు నాలుగూ నల్లబడ్డాయి.
బడి పంపు కింద ఎంత రుద్దినా పోలేదు.
పురానాపూల్ దాటుతుంటే, బస్సులో, పక్కసీటామె
నా చెయ్యి చూసి నవ్వింది,
"ఎన్ని ఓట్లేసినవమ్మా?"

లెక్కపెడుతున్నట్టు నటించాను.