నారింజ గీత

ఆరు కావస్తోంది. సెప్టెంబరు.
ఎస్టోనియా బర్చ్ అడవిలో
ట్రైపాడ్ కాళ్ళు నాచులోకి దిగబడ్డాయి.
మారికా చేతివేళ్ళు చంకల్లో దాచుకుని
పొగమంచు పలచబడేదాకా ఆగింది.

వెలుగు ముందు కొమ్మలకి కాదు,
సాలెగూళ్ళకి తెలిసింది.

వ్యూఫైండర్‌లో తెల్లటి మానులు.
ఒకదాని నడుముకి నారింజ రంగు గీత.
ఎడమకి జరిగింది. అక్కడా ఒకటి.
మోకాళ్ళ మీద కూచుంది. ఇంకో మూడు.

వెనక పుల్లలు విరిగిన చప్పుడు. ఎండెల్,
చేతిలో రంగు డబ్బా.
ఫొటోకి అడ్డమొస్తానేమోనని
చెట్టు చాటునే ఆగిపోయాడు.
"కానివ్వమ్మా, నాకు తొందరేం లేదు."

ఆమె షట్టర్ నొక్కలేదు.
ఫ్లాస్కు మూత నిండా కాఫీ పోసి
అతనికిచ్చింది, సలసల కాగేది.

ఊదుకుంటూ అతను తాగినంతసేపూ
ఏ చెట్టుకీ రంగు పడలేదు.