పదకొండో ఇల్లు

పరీక్షకు ముందు పన్నెండు ఇళ్ళు చూడాలి.
పది అయ్యాయి, పది సంతకాలు.
పదకొండోది చినవాల్తేరులో, చివరి సందులో.
అక్కణ్ణించి సముద్రం కనబడదు గానీ
కిటికీ ఊచల్ని రోజూ నాకి పోతున్నట్టుంది.

అసిరయ్య సారు గుమ్మంలోనే ఆపేశాడు.
"చెప్పులతో పాటు నోళ్ళు కూడా ఇక్కడే విప్పీయండి.
లోపలికి కళ్ళూ చెవులూ ముక్కూ చాలు."

మేం ముగ్గురం.
పోర్టు ఆఫీసులో పని మానుకొచ్చిన షకీలా,
పాలిటెక్నిక్ మొన్నే పూర్తయిన గౌరీశు,
పదిహేడేళ్ళు గోడలకు పుట్టీ పూసిన నేను.

సారు జేబులోంచి గోళీ తీసి హాల్లో వదిలాడు.
అది కాసేపు ఆలోచించి
వంటింటి వైపు దొర్లుకుంటూ పోయింది.
బాత్రూంలో చెంబుడు నీళ్ళు పోసి గడియారం చూశాం.
నీళ్ళు జాలీని పట్టించుకోలేదు,
బాకీ అడగడానికి వచ్చినవాడిలా
తలుపు దగ్గరే నిలబడ్డాయి.

రూపాయి బిళ్ళతో టైల్స్ కొట్టుకుంటూ పోయాం.
టక్. టక్. టక్. డబ్.
పనసకాయ పండిందో లేదో
మా అమ్మ ఇలాగే చూసేది.
డబ్ అన్నచోటల్లా షకీలా సుద్దతో సున్నా చుట్టింది.
పన్నెండు సున్నాలు, సోఫా కింద లెక్క కాకుండా.

గీజరు సాకెట్లో టెస్టర్ పెడితే
ఒక దీపం వెలగలేదు.
"ఎర్తు లేదు" అన్నాడు గౌరీశు, కొంచెం సంతోషంగా.
సారు వాడి వైపు చూశాడు.
వాడు సంతోషం తుడుచుకుని రాసుకున్నాడు.

పడగ్గదిలో అడుగు పెట్టగానే
నా కాళ్ళు ఆగిపోయాయి.
మూడు గోడలు పాతవి. ఒకటి కొత్తది.
ఆ వాసన పదిహేడేళ్ళు
నా అన్నంలో కలిసిన వాసన.
అమ్మకానికి ముందు పిలుస్తారు మమ్మల్ని.
"శనివారానికల్లా అయిపోవాల మేస్త్రీ" అంటారు.
చెమ్మ ఎక్కణ్ణించని మేం అడగం.
పెచ్చులు గీకుతాం,
ఉప్పు కాగితంతో ఉప్పుని రుద్దేస్తాం,
పైన పూస్తాం, తెల్లగా, పెళ్ళిపందిరంత నమ్మకంగా.
రెండు వానలు ఆగుతుంది.
ఆ తర్వాత మా ఫోను నంబరు ఎవరి దగ్గరా ఉండదు.

మీటరు ఆనించాను. అంకె పైకి పైకి పోయింది.
"ఏటి రాస్తావు నూకరాజూ?"
"గోడ ఏడుస్తోంది సార్."
"గోడలు ఏడవవు.
పడమటి గోడ, కిటికీ కింద,
నేల నుంచి రెండడుగుల దాకా తేమ.
కారణం తేలలేదు, ప్లంబరు చూడాలి. అంతే."
"కప్పిపెట్టారని రాయొద్దా?"
"కప్పిపెట్టడం నువ్వు చూశావా?"
"చేశాను సార్. ఇక్కడ కాదు."

ఫ్యాను తిరుగుతూనే ఉంది.
సారు అట్ట మీద కాగితం సర్దుకున్నాడు.
"దానికి ఈ ఫారంలో గడి లేదు" అన్నాడు.
మెల్లగానే అన్నాడు.

అటక మీద చూడలేదు, నిచ్చెన చాల్లేదు.
ఒక బీరువా తాళం ఎవరి దగ్గరుందో తెలీదు.
వీటికి మాత్రం గడి ఉంది:
పరిశీలించలేకపోయినవి.
నా చేతిరాత అక్కడ ఎందుకో బాగా వచ్చింది.

మెట్లు దిగుతుంటే కొనబోయే ఆవిడ ఎదురొచ్చింది,
ఫార్మాసిటీ నైట్ షిఫ్టు దిగి నేరుగా,
మెడలో ఐడీ కార్డు ఇంకా వేలాడుతూ.
"ఏటండీ, ఇల్లు మంచిదేనా?"

ఆ ఒక్కటే మేం చెప్పకూడనిది.
మొదటి రోజు మొదటి పాఠం.
సారు మబ్బుల్ని చూశాడు.
షకీలా సుద్దముక్క చూసుకుంది.
నేను ఆవిణ్ణి హాల్లోకి తీసుకెళ్ళి
రూపాయి బిళ్ళ చేతిలో పెట్టాను.
"ఇక్కడ కొట్టండి. ఇప్పుడు ఇక్కడ."

ఆవిడ వంగి కొట్టింది. విన్నది.
మళ్ళీ కొట్టింది, చెవి నేలకు దగ్గరగా పెట్టి.
తర్వాత మమ్మల్ని మరిచిపోయి
గది గదికీ కొట్టుకుంటూ పోయింది.

సారు పదకొండో సంతకం పెట్టాడు.
పన్నెండోది రేపు మర్రిపాలెంలో.
రూపాయి ఆవిడ దగ్గరే ఉండిపోయింది.