వీధి పేరు తప్పనిసరి

లీటియా పాదాన్ని పాత క్యాలెండర్ వెనక పెట్టి
పెన్సిల్‌తో చుట్టూ గీశాను.
చక్కిలిగింతలకి కాలు లాక్కుంది,
అందుకే చిటికెన వేలి దగ్గర గీత వంకర.
నాలుగో నంబరు. ఎర్రవి. జిమ్‌లో జారని అడుగున్నవి.
ఏప్రిల్లో ఇకాలుయిట్‌లో వాలీబాల్ పోటీలు,
అప్పటికింకా జనవరి.
బోలెడు టైముంది అనుకున్నాను.

బాఫిన్ దీవిలో మా ఊళ్ళో
ఇళ్ళకి నంబర్లున్నాయి, వీధులకి పేర్లు లేవు.
రన్‌వే ఊరి నడిమధ్యన కాళ్ళు చాపుకుని పడుకుంటుంది.
దానికి అటు, దానికి ఇటు. అంతే మా భూగోళం.
ఉత్తరం గడప దాకా రాదు, మనమే వెళ్ళాలి
పోస్టాఫీసులో ముప్పై ఎనిమిదో పెట్టె దగ్గరికి.

మొదటి జత ఒట్టావా దాకా వచ్చి వెనుదిరిగింది.
పోస్టు పెట్టెకి కొరియర్ ఇవ్వరట.
రెండోసారి ఇంటి నంబరు రాశాను, నాలుగు వందల పన్నెండు.
ఈసారి మాంట్రియల్లోనే ఆగింది.
మా పిన్‌కోడ్‌లో మూడు సున్నాలు,
గోడౌన్లో ఎవరో వాటిని అక్షరాలనుకున్నారు:
ఓ, ఓ, ఓ.
కేకేస్తే ఎక్కడి నుంచో పలికినట్టు.
పలికింది గానీ రాలేదు.

ఫోన్లో అబ్బాయి మర్యాదస్తుడే.
'ఏ వీధి మేడమ్?'
'పేరు లేదు.'
'పోనీ, ఎదురుగా ఏముంది?'
'సముద్రం.'
'దగ్గర్లో కూడలి?'
'సముద్రం గడ్డకడితే అదీ దారే. జూలై దాకా.'
కాసేపు టైపు చేసిన చప్పుడు.
'మేడమ్, వీధి పేరు తప్పనిసరి అంటోంది.'
ఎవరంటున్నారని అడిగితే
పాపం, అతనికీ తెలియదు.

ఫోను పెట్టేసి అమ్మమ్మ బిళ్ళ వెతికాను.
కుట్టుపెట్టెలో గుండీల మధ్య ఉంటుంది, గుండ్రంగా,
దారం కట్టే రంధ్రం మాత్రం అరిగి కోలగా అయింది.
మా పేర్లు ఆఫీసర్లకి నోరు తిరగని కాలం,
మాకేమో ఇంటిపేర్లు లేవు, ఫారంలో గడి ఖాళీగా ఉండకూడదు.
మనిషికో నంబరు కొట్టించి మెడలో వేసుకోమన్నారు.
క్షయ అని అమ్మమ్మని ఓడెక్కించారు.
రెండేళ్ళ తర్వాత నయమైందని వెనక్కి పంపినప్పుడు
కాగితంలో ఒక అంకె చెదిరి
ఎవరిదో ఊళ్ళో దించేసి వెళ్ళారు.
కుక్కల బండి మీద పదకొండు రోజులు ఇంటికి.
ఆ కథ చెప్పేటప్పుడు అమ్మమ్మ నవ్వేది,
ఆ ఊళ్ళో వాళ్ళు చేప బాగా ఎండబెడతారని చెప్పేది.

అప్పుడు నంబరు చాలన్నారు.
ఇప్పుడు నంబరు చాలదంటున్నారు.

మూడోసారి ఆ గడిలో
నౌయాఖ్ వీధి అని కొట్టాను.
అమ్మమ్మ పేరు.
కింద ఇంటి నంబరు, పక్కనే పెట్టె నంబరు,
సున్నాల గురించి మనవి.
పచ్చటి టిక్కు పడింది.
అంత తేలిగ్గా ఒక వీధి పుట్టింది,
రోడ్డు రోలరు లేకుండా, రిబ్బను కత్తిరించకుండా.

మార్చి ఆఖర్లో జేపూటీ కౌంటర్ వెనక నుంచి
పెట్టె ఎత్తి పట్టుకుని అరిచాడు:
'ఏమే, నీ వీధి ఎక్కడే? ఇక్కడే పుట్టి పెరిగాను,
ఒక్కసారీ తొక్కలేదే!'
లైన్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు.

లీటియా బూట్లు తొడిగింది. మడమ దిగలేదు.
లేస్ వదులు చేసింది, పలకలేదు, ఇంకా వదులు చేసింది.
క్యాలెండర్ మళ్ళీ నేల మీద పరిచాను.
జనవరి గీతకి బయట, చుట్టూరా,
పెన్సిల్ మందమంత దూరంలో ఇంకో గీత.
ఈసారి కాలు కదపలేదు.

వేళ్ళు ముడుచుకునే ఆడింది, రెండో ఆటలో ఓడారు.
ఇప్పుడవి పినతల్లి కొడుకు కాళ్ళకున్నాయి,
ఎరుపు ఆడపిల్లల రంగని వాడికింకా ఎవరూ చెప్పలేదు.
ఐదో నంబరు ఆర్డర్ పెట్టాను.

పోయిన వారం ముగ్గురు ఆపి అడిగారు,
నౌయాఖ్‌కి స్పెల్లింగ్ ఏమిటని.
ఒకామెది రన్‌వేకి అటువైపు ఇల్లు.