ఊ కొట్టేవాడు

ముత్తుకూరు రోడ్డులో రొయ్యల కంపెనీ.
రాత్రి షిఫ్టుకి నేను ఇన్‌చార్జి.
నూట పది మంది ఆడవాళ్లు, తెల్ల కోట్లు, గంబూట్లు,
కళ్లు తప్ప ఏమీ కనపడని మనుషులు.
మొదటి ఆర్నెల్లు నాకు వాళ్లు టేబుల్ నంబర్లు.

నెల్లూరు ఏసీ హోటల్లో రెండు రోజులు శిక్షణ ఇచ్చారు.
"కథ చెప్పండి, మనుషులు మీ వెంట నడుస్తారు"
అన్నాడు టై కట్టుకున్నాయన.
నోట్సు రాసుకున్నా. బిర్యానీ తిన్నా.
సోమవారం రాత్రి ఐసు గుట్ట పక్కన నిలబడి
కుందేలూ తాబేలూ మొదలుపెట్టా.

మూడో టేబుల్ దగ్గర పెంచలమ్మ
రొయ్య తల గిల్లుతూ, తన తల ఎత్తకుండానే అడిగింది:
"అంతా బానే ఉండాది గానీ సారూ,
గెలిచినాక ఆ తాబేటికి కిలోకెంత ఇచ్చినారు?"
హాలంతా నవ్వింది.
మాస్కుల వెనక నవ్వు ఎట్టా ఉంటుందో ఆ రాత్రే చూశా,
కోట్ల భుజాలు ఎగిరెగిరి పడ్డాయి.
నా కథ ఐసులో కరిగి డ్రెయిన్లో పోయింది.

మాఘంలో ఒక కంటైనర్ వెనక్కొచ్చింది.
సముద్రం దాటి పోయి, సముద్రం దాటి తిరిగొచ్చింది.
నీలం గ్లౌజు ముక్క ఒకటి, గోరంత.
నష్టం కొండంత.
"ఎవరిదో తేల్చు. తెల్లారేలోగా పేరు కావాలి" అన్నాడు మేనేజరు.

పేరు అడగడానికే హాల్లోకి పోయా.
నోరు తెరిస్తే వేరేది వచ్చింది.
"కావలి ప్లాంటులో, నాకు ఇరవై రెండేళ్లప్పుడు,
నలభై కౌంటు డబ్బాల మీద ముప్పై కౌంటు స్టిక్కర్లు అంటించా.
నిద్రమత్తు. తెలిశాక గూడా నోరు మూసుకున్నా.
చెంచులక్ష్మి అనే ఆవిణ్ణి ఆ తప్పుకి తీసేశారు.
గేటు దాకా పోతుంటే ఆమె గిన్నె మూత
సరిగా పట్టక టకటకమంటా ఉండింది.
ఆ చప్పుడు ఇంకా..."
అంతే. ముగింపు దొరకలేదు. నీతి అసలే లేదు.
ఊ అనలేదు ఎవరూ.
ఫ్రీజరు ఒక్కటే గురగురలాడింది.

పది నిమిషాలో, గంటో.
"ఆ ముక్క నాది" అంది ఏడో టేబుల్ రమీజా.
"నాది గూడా అయ్యుండొచ్చు" అంది పెంచలమ్మ.
"బొటనేలు కాడ రోజూ చినుగుతాది.
మగోళ్ల చేతి కొలతకి చేసినవి సామీ ఇవి.
కొసలు ఖాళీగా వేలాడతా ఉంటే
కత్తి ముందు వాటినే గదా కోసేది?"

మూడేళ్లు. మూడేళ్లుగా వాళ్లకు తెలుసు.
అడిగినోడు లేడు. నేను గూడా.

తెల్లారి మేనేజరు కాగితం ముందుకు తోస్తే
నా పేరు రాసిచ్చా.
చిన్న సైజు గ్లౌజులు రావడానికి నాలుగు పోట్లాటలు,
ఒక ఇంక్రిమెంటు ఖర్చయ్యాయి.

ఇప్పుడు రాత్రి రెండింటికి టీ గంట కొడితే
గిన్నెల మూతల మధ్య కథలు తిరుగుతాయి.
అమోనియా వాసన ముందే పసిగట్టిన రాత్రి ఒకామెది.
తూకంలో యాభై గ్రాములు ఎట్టా మాయమవుతాయో ఇంకొకామెది,
అది విన్నాకే కాటా మార్పించా.
నా పని ఊ కొట్టడం.
తేలికనుకునేవాణ్ణి.
మధ్యలో "అప్పుడు నేనేం చేశానంటే" అని దూరకుండా
నాలుక్కి రోజూ గ్లౌజు తొడగాలి.

కథ కంచికి పోతుందంటారు.
ఆ దారి మా నెల్లూరు మీదుగానే గదా!
ఇక్కడి కథలు మాత్రం అంత దూరం పోవు,
షిఫ్టు దిగి, షేరాటో ఎక్కి ఇందుకూరుపేట పోతాయి,
మర్నాడు ఇంకో మనిషిని వెంటేసుకుని వస్తాయి.

నిన్న, కొత్తగా చేరిన ఈశ్వరికి
పెంచలమ్మ నా కథ చెబుతోంది.
ఆమె కథలో నేను స్టిక్కర్లు అంటించింది గూడూరులో.
చెంచులక్ష్మి గేటు దగ్గర వెనక్కి తిరిగి
నన్ను ఒక మాట అనింది.
నిజానికి ఆమె ఏమీ అనలేదు. తల గూడా తిప్పలేదు.

ప్లాస్టిక్ తెర వెనక ఆగిపోయా.
దిద్దుదామని నోరు తెరిచి,
ఆ మాట ఏందో విందామని
మూసుకున్నా.