రెండూ నలభై

పుంతా అరేనాస్‌లో ఏం జరిగినా నింద గాలి మీదే.
ఎగిరిపోయిన టోపీ, జలసంధిలో ఆలస్యమైన పడవ,
రాత్రుళ్ళు మా ఇంట్లో వైఫై పోవడం కూడా.

మొదట రౌటర్‌ని ఫ్రిజ్ మీంచి దించాను.
అద్దం వెనక నుంచి తప్పించాను. తీగ మార్చాను.
యాంటెన్నాలు రెండూ నిలబెట్టాను, పడుకోబెట్టాను,
ఒకటి నిలబెట్టి ఒకటి పడుకోబెట్టాను.
ఆపి, ముప్పై లెక్కపెట్టి, మళ్ళీ వేశాను.
కంపెనీ అమ్మాయికి తెలిసిన ఒకే ఒక్క మంత్రం అది.
ఇల్లు చెక్కది, పైన రేకు తొడుగు అన్నాను.
"రేకా..." అని నిట్టూర్చింది,
రోగి వయసు విన్న డాక్టర్‌లా.

నాకు నిద్ర పట్టదు. తెరమీద చదరంగం ఆడతాను,
ముఖం తెలియని వాళ్ళతో, అయిదేసి నిమిషాల ఆటలు.
గెలవబోయే ఆటలోనే గుర్రం గాలిలో ఆగిపోతుంది.
చిన్న చక్రం తిరుగుతూ ఉంటుంది.
నా గడియారం మాత్రం ఆగదు.
పదకొండు ఆటలు అలా పోయాయి.

కరెంటు బిల్లు వెనక రాయడం మొదలెట్టాను.
మంగళవారం, రెండూ నలభై ఒకటి. మూడు నిమిషాలు.
బుధవారం, రెండూ నలభై. మూడు నిమిషాలు.
గురువారం పైకప్పు మీద ఎవరో పరిగెడుతున్నంత గాలి,
అయినా రెండూ ముప్పై తొమ్మిది, మూడే నిమిషాలు.
గాలికి ఇంత క్రమశిక్షణ ఎక్కడిది?

శుక్రవారం దీపమార్పి గోడకి చెవి ఆనించాను.
అవతల ఏదో గుయ్యిమంటోంది.
చివర్లో కూతలు, పీ, పీ, పీ.
ఇవతల పచ్చదీపం వెలిగింది.

పొద్దున్నే వేడి రొట్టె పట్టుకుని తలుపు తట్టాను.
దోన్ బాల్దోమెరో నలభై ఏళ్ళు గొర్రెల ఉన్ని కత్తిరించాడు.
వంగీ వంగీ మోకాళ్ళు అరిగాయి.
గోధుమలు పోసి కుట్టిన గుడ్డసంచీ చూపించాడు,
అది కాచి మోకాలి మీద వేసుకుంటేగానీ ఆయనకి తెల్లారదు.
మైక్రోవేవ్ తలుపు ఓ పక్కకి ఒరిగింది,
సైకిల్ ట్యూబు ముక్కతో కట్టి ఉంచాడు.
తరంగాలనీ, సిగ్నలనీ నాకు తెలిసిందేదో వివరించాను.
చాలాసేపు ఆలోచించి అడిగాడు:
"అయితే నా గోధుమలు నీ రాణిని చంపాయా?"

కొత్త రౌటర్ కొంటే తీరేదే. ధర కూడా కనుక్కున్నాను.
ఇంకా కొనలేదు.
ఇప్పుడు బొత్తాం నొక్కే ముందు
ఆయన గోడ మీద రెండుసార్లు కొడతాడు.
నేను ఆట ఆపుకుని మాతే కోసం నీళ్ళు పెడతాను.
అవి మరిగేలోపు కూత, పచ్చదీపం.

నిన్న రాత్రి మూడైనా చప్పుడు లేదు.
నిద్రపోయాడులే అనుకుని ఆట మొదలెట్టాను.
సిగ్నల్ నిండుగా ఉంది, గీతలన్నీ ఉన్నాయి.
అవతలివాడు బంటు జరిపి కాచుకున్నాడు.
నేను గోడకేసి చూస్తూ కూర్చున్నాను.
నా గడియారంలో నలభై క్షణాలు. ఇరవై.

టక్. టక్.

పన్నెండో ఆట పోయింది.
లేచి నీళ్ళు పెట్టాను.