శివారు తూము

మీటింగు రేపు పదిన్నరకి.
ముమ్మిడివరం సెక్షన్ ఆఫీసులో
ఫ్యాను గాలికి లస్కరు యేసురత్నం పుస్తకం
తన పేజీలు తనే తిప్పుకుంటోంది.
నలభై మూడు తూములు, తొంభై రోజులు,
బాల్‌పెన్ను అంకెలు,
మధ్యమధ్య బురద వేలిముద్రలు.

మొదట గుండ్రంగా గీశాను,
ఏడు రంగుల ముక్కలు,
దిబ్బరొట్టె కోసినట్టు.
యేసురత్నం గుమ్మంలో గొడుగు దులుపుతూ చూశాడు.
"బాగుందండి, తినేయొచ్చు.
ఇందులో నీళ్ళు ఎటేపు పారతన్నాయండి?"

చెరిపాను.
నిరుటిదీ ఈ ఏటిదీ పక్కపక్కన కడ్డీలు నిలబెట్టాను.
సున్నా దగ్గర కాక
రెండడుగుల దగ్గర మొదలెట్టాను, చోటు కలిసొస్తుందని.
బెత్తెడు తేడా కొబ్బరిచెట్టంత లేచింది.
ఒక్క అంకె కూడా మార్చలేదు, దేవుడి తోడు.

అదీ చెరిపి సగటు రాశాను:
రెండడుగుల ఒక అంగుళం.
చల్లని అంకె. మీటింగులో ఎవరి నిద్రా చెడదు.
సగటున కాలువ పారుతూనే ఉంది,
సగటున అందరి మడీ తడిసింది.
ఆ సగటు రైతు ఎవరో గాని
వాడి చేను ఒక్కటే ఏటా పండుతుంది.

పోనీ రోజువారీ గీత గీద్దామంటే
కంప్యూటరు ఖాళీ గళ్ళన్నిట్లో సున్నాలు నింపింది.
పదిహేడో తూము దగ్గర
గీత నూతిలో పడి ఆరు రోజులు తేలలేదు.
"అప్పుడు నీళ్ళు లేవా?"
"నేను లేనండి. జొరం."
ఆ ఆరు రోజులూ గీత తెంపేశాను.
తెగినచోట తెగినట్టే ఉండనీ.

రాత్రి పదకొండు దాటాక తట్టింది.
అక్షరాల వరస తీసేసి
తూముల్ని కాలువ వరసలో పెట్టాను,
తల నుంచి శివారుకి.
రంగులు పోయాయి. ఒక్క నల్లగీత.
ఇరవై దాకా తాపీగా నడిచి,
ముప్ఫై దగ్గర మోకాళ్ళు మడిచి,
నలభై దాటాక నేల మీద పాకింది.
యేసురత్నం దాని వెంట వేలు నడిపించాడు,
రోజూ సైకిలు మీద వెళ్ళే దారే.
ముప్ఫయ్యొకటి దగ్గర ఆగి
"ఇక్కడ గుర్రపుడెక్కండి" అన్నాడు.
అదీ రాశాను, చిన్న అక్షరాల్లో.
పట్టిక వెనకపేజీకి పంపాను,
ఎవరి తూము వాళ్ళు వెతుక్కోడానికి.

పదిన్నర మీటింగు పన్నెండుకి మొదలైంది.
డీఈ గారు గీత చివర దాకా చూసి
కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.
వెనక వరసలోంచి
కాట్రేనికోన కౌలురైతు పల్లాలమ్మ లేచొచ్చింది.
చదువు రాదన్న మనిషి
గీత మీద వేలు పెట్టి నడిచింది.
నలభై దాటింది,
నలభై మూడు దాటింది,
కాగితం అంచు దాటి
బల్లచెక్క మీద ఆగింది.
"మాది ఇక్కడండి బాబూ."

ఆ వేలి పక్కనే
ఎవరిదో టీ గ్లాసు వదిలిన తడి
గుండ్రంగా ఆరిపోతోంది.